ప్రాచీన కట్టడములపై మొలచు మొక్కలు : నివారణ విచారము

హంపీలోని శ్రీకృష్ణాలయమును కృష్ణదేవరాయలు ఉదయగిరి విజయమునకు స్మారకముగా 1515 ప్రాంతమున నిర్మించెను. విజయనగరకాలపు గోపురములు పెక్కింటివలెనే ఆ యాలయపు తూర్పు గోపురమును రెండు విధములైన కట్టుబడి గలది. క్రిందిభాగము రాయి, పైభాగము ఇటుకయు సున్నమును. ఆ యిటుకమీద గచ్చుతో తీర్చిన యోధులును గుఱ్ఱములును గజపతులతోడి యుద్ధమును జ్ఞాపకము చేయునవని చరిత్రకారులు చెప్పుదురు. ఆ విజయమును చెప్పు శాసనము రాతిమీద చెక్కబడినది గనుక నేటికిని చదువ నగును. గచ్చుమీది యుద్ధకథ మాత్రము తునియలుగా మిగిలినది.

ఇట్టి కట్టుబడికి హాని చేయువానిలో నిప్పు, వాన, మనుష్యుడు అను మూడును అందఱెఱిగినవే. వాని తరువాత చెప్పవలసినది చెట్టు. అది తక్కిన మూడింటికంటె నెమ్మదియైనది, కాని పట్టిన చోటు విడువదు. 1565 తరువాత హంపీ దిక్కులేని పట్టణమైనది. అట్లు దిక్కులేక మిగిలిన కట్టడములెల్ల దక్షిణాసియాలో చెట్ల పాలైనవే. భాషాచరిత్రమున కాధారములైన శాసనములలో హెచ్చుభాగము ఇట్టి గోడలమీదను, స్తంభములమీదను, అధిష్ఠానములమీదను ఉన్నవి. కావున వీనిపై మొలచు మొక్కల విచారము ఇంజనీర్లకును రసాయనశాస్త్రజ్ఞులకును మాత్రమే విడిచిపెట్టదగినది కాదు.

ఈ దేశమున కట్టడములకు శత్రువులైన చెట్లలో రావి, మఱ్ఱి, జువ్వి, మేడి అను నాలుగును ముఖ్యమైనవి. సంస్కృతమున అశ్వత్థ న్యగ్రోధ ప్లక్షోదుంబరములు ఇవియే. కేరళమున ఈ పాలచెట్లు నాలుగింటిని కలిపి నాల్పామరమందురు. వీని పువ్వులు కాయలోపలనే దాగియుండి పైకి కనబడవు. అమరకోశకారుడు పువ్వు లేకయే ఫలించునవి వనస్పతులని చెప్పినప్పుడు వ్యాఖ్యాతలు ఉదాహరణముగా చూపినవి ఈ జాతి చెట్లనే. ఒక్కొక్క కాయలో ఆవగింజకంటె చిన్నవైన విత్తనములు వందలకొలది యుండును. గోరువంకలు, పికిలిపిట్టలు, కాకులు, గబ్బిలములు ఆ పండ్లను తినును. విత్తనము వాని కడుపులో చెడదు. పక్షి గోపురపు కొననో కపోతపు అంచుననో వ్రాలి రెట్ట వేసినప్పుడు విత్తనమును దానికి కావలసిన ఎరువును ఒకేమారు రాతిసందున పడును. అచ్చట కొంత దుమ్ము, కొంత తడి యున్నచో చాలును.

అడవిలో ఈ చెట్ల స్వభావము గమనింపదగినది. ఇవి తఱచుగా నేలమీద మొలవవు. మఱియొక చెట్టు కొమ్మల పంగలో మొలచి, అచ్చటినుండి వేళ్లను క్రిందికి దించి, అవి నేలనంటిన పిమ్మట ఆశ్రయమిచ్చిన చెట్టును చుట్టుకొని బిగించును. తాటిచెట్టు మొవ్వలోనుండి లేచిన రావిని చూడని పల్లె యుండదు. ఆ విత్తనమునకు గోపురము కూడ ఒక చెట్టే. ఇటుక సందు దానికి కొమ్మల పంగ. సున్నము తడిని పీల్చి నిలుపును గనుక వేరు రాతిని విడిచి సున్నమునే వెదకుకొనుచు పోవును. మొదటి యేడు అది దారమువలె నుండును. నీరు దొరకినవెంట అది లావెక్కుట కారంభించును. వేరు పొడవుగా పెరుగుటవలన కలుగు హానికంటె లావెక్కుటవలన కలుగు హాని యెక్కువ. దారము దూరిన నెఱియలో మోకు ఇముడదు. రాళ్లు ఎడమగును, ఆ యెడమునుండి వాననీరు లోపలికి దిగును, నీటివెంట సున్నము కరగి జారును. ఒక పదియేండ్లలో చెట్టు గోడమీద నున్నదో గోడ చెట్టుమీద నున్నదో చెప్పుట కష్టమగును.

ఇచ్చట సామాన్యముగా జరుగు పొరపాటు నరకుట. నరకిన దినమున గోడ శుభ్రముగా కనబడును. తరువాతి వర్షకాలమునకు మోడునుండి ఒక కొమ్మకు బదులు ఐదారు చిగుళ్లు లేచును. పైకొమ్మలకు పోవలసిన బలమంతయు వేళ్లకు మిగులుటచే అవి వెనుకటికంటె త్వరగా లావెక్కును. ఏటేట నరకుచు వచ్చిన గోడలలో పైకి పొదవలె కనబడు చిన్న మొక్కకు లోపల తొడంత వేరుండుట అరుదు కాదు.

ఈ సంగతి నేటి శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొన్నది కాదు. పాలి వినయపిటకమున, భిక్షువు మొక్కలకు హాని చేయరాదను పాచిత్తియ నియమమును వివరించుచోట, మొక్కలు మొలచు విధములు ఐదని చెప్పబడినది: మూలబీజము, స్కంధబీజము, పర్వబీజము, అగ్రబీజము, బీజబీజము. పసుపు, అల్లము మొదలైనవి దుంపనుండి మొలచునవి. చెఱకు, వెదురు, రెల్లు కణుపునుండి మొలచునవి. తులసివంటివి కొననుండియు, ధాన్యములు పప్పుదినుసులు గింజనుండియు మొలచునవి. మొండెమునుండి మొలచు స్కంధబీజములకు ఇచ్చిన ఉదాహరణములలో మొదటి నాలుగును అశ్వత్థ న్యగ్రోధ ప్లక్షోదుంబరములే. గోడలను పాడుచేయు చెట్ల పట్టికయు ఈ పట్టికయు ఒకటే యగుట యాదృచ్ఛికము కాదు. మొండెమునుండి మరల మొలచు శక్తియే వానిని గోడమీద బ్రతుకనిచ్చుచున్నది. ఆ నియమము మొక్కను కాపాడుటకు ఏర్పడినది. కట్టడమును కాపాడువారు దానిని తలక్రిందుగా చదువుకొన్నచో చాలును. ఏ మొక్క యెచ్చటినుండి మరల మొలచునో తెలిసికొనిన పిమ్మటనే కత్తి యెత్తవలెను. దుంపనుండి మొలచుదానిని కోసి ప్రయోజనము లేదు. గింజనుండి మాత్రమే మొలచుదానిని పూవు పట్టకముందు కోసినచో మరుసటి యేడు బాధ తగ్గును. స్కంధబీజమును మాత్రము నరకి వదలిపెట్టుట దానిని పెంచుటయే.

స్కంధబీజములకు సులభమైన చికిత్స ఒక్కటే యున్నది. అది కాలముమీద నాధారపడినది. వానలు వెలిసినవెంటనే, వేరింకను దారమువలె నున్నప్పుడు, చేతితో మెల్లగా లాగినచో మొక్క వేరుతోకూడ వచ్చును. మొక్కై వంగనిది మ్రానై వంగదను సామెతకు ఇంతకంటె తగిన సందర్భము దొరకదు. ఏటికి రెండుమారులు గోపురమును తనిఖీచేసి మొలకలను తీయించు ఏర్పాటున్న చోట తరువాత చెప్పబోవు ప్రయాస యేదియు నక్కఱలేదు. ఆ పనికి అగు వ్యయము కూలిన మూలను తిరిగి కట్టించుట కగు వ్యయములో లెక్కకు రానిది. ఐనను గోడ కూలిన పిమ్మట నిధులు దొరకినంత సులభముగా మొలక తీయుటకు దొరకవు.

మొక్క మ్రానైన పిమ్మట లాగుట పనికిరాదు. వేరు వచ్చునప్పుడు రాళ్లను పట్టుకొనియే వచ్చును. అప్పటి విధానము మొదట చెట్టును చంపి, తరువాత తీయుట. కొమ్మలను పైనుండి క్రమముగా తగ్గించి, మోడును కోసి, ఆ కోతమీద వెంటనే మందు పూయవలెను. వెంటనే యనగా కొన్ని నిమిషములలోపల. ఈ చెట్ల పాలు ఎండి కోతను మూసివేయును గనుక ఆలస్యమైనచో మందు లోపలికి పోదు. లావైన మోడులకు తొలికతో రంధ్రములు చేసి మందు నింపుదురు. గ్లైఫోసేటు వంటి మందు చెట్టులోని ఆహారరసముతోపాటు వేళ్లవఱకు దిగి వానిని చంపును. దానిని గోడమీద చిలకరింపరాదు. అందలి లవణములు రాతికి మంచివి కావు. ఈ మందు వాడుకను కీటకనివారణపు పనివారికే పరిమితము చేయుచు కేంద్రప్రభుత్వము 2022లో ఉత్తర్వు వెలువరించినది గనుక ఎవరుబడితే వారు చేయదగిన పనియును కాదు. చెట్టు చచ్చినదని నిశ్చయమగుటకు కొన్ని మాసములు పట్టును. పిమ్మట వేరున్నమేర రాళ్లకు సంఖ్యలు వేసి, ఛాయాచిత్రములు తీసి, ఆ భాగమును విప్పి, వేరును తీసి, రాళ్లను యథాస్థానమున నిలుపవలెను. విప్పుటకు వీలులేని చోట చచ్చిన వేరును లోపలనే విడిచినచో అది కుళ్లి బోలు మిగులును. చెదలు చేరును, నీరు దిగును. అట్టి బోలులో పలుచని సున్నపు ముద్దను నింపుదురు. సిమెంటును నింపుట పలుచోట్ల జరిగినది. అది పాతసున్నముకంటె గట్టిదియు, లవణములు గలదియు అగుటచే ప్రక్కనున్న ఇటుకను తినివేయును. పాతకట్టుబడికి గానుగలో నూరిన సున్నమే తగినది.

పల్లెలలో చెట్టును చంపుటకు మోడులో ఇంగువ పెట్టుట, ఉప్పు పోయుట, కిరసనాయిలు పోయుట, నిప్పు పెట్టుట వాడుకలో నున్నవి. పొలముగట్టుమీద ఇవి యెట్టివైనను కట్టడమున తగవు. ఉప్పు నీటిలో కరగి గోడలోనికి ప్రాకి, ఎండినప్పుడు స్ఫటికములై రాతిపొరలను పొట్టువలె లేవదీయును. నిప్పు సెగకు నల్లరాయి పెళ్లలుగా ఊడును. ఊడిన పెళ్లమీద శాసనమున్నచో అక్షరము పోయినట్లే.

నిర్మాణపు పనుల ధరలపట్టికలలో జంగిల్ క్లియరెన్స్ అను పద్దు ఒకటి కలదు. గడ్డిని, పొదలను, నియమితమైన చుట్టుకొలత లోపలి చెట్లను వేళ్లతో పెకలించి దూరముగా పారవేయుటకు ఇన్ని చదరపు మీటర్లకు ఇంత అని దాని లెక్క. ఖాళీస్థలమున ఇల్లు కట్టువారికి అది సరియైన లెక్కయే. అదే పద్దు క్రింద పురాతనపు దిబ్బను శుభ్రపఱచినచో ఆ పెకలించుట త్రవ్వకముతో సమానము. దిబ్బలోపల మట్టి పొరలు కాలక్రమమున ఒకదానిమీద నొకటి పేరుకొనియుండును. పొద వేరుతో లేచునప్పుడు అడుగుపొర పెంకు పైకివచ్చును, పైపొర బొగ్గు క్రిందికి జారును. తరువాత త్రవ్వినవారికి ఆ బొగ్గునుబట్టి లభించు కాలము తప్పగును. కావున దిబ్బలమీద పొదను నేలమట్టమునకు కోసి, కోతకు మందు పూసి, వేరును లోపలనే చావనీయుట నియమము. గుంపుగానున్న పశువులను తోలి మేపించుట, ట్రాక్టరు త్రిప్పించుట ఇంతకంటె చెఱుపు.

దిబ్బలమీది మొక్కలలో హెచ్చుభాగము ఇటీవలివి. సర్కారుతుమ్మను 1877 ప్రాంతమున కడపజిల్లా కమలాపురమున నాటిరి. వంటచెఱకు కొఱకు ప్రభుత్వము తెచ్చినది గనుక ప్రజలు దానికి సర్కారు పేరే పెట్టిరి. తమిళులు దానిని సీమనుండి వచ్చిన తుమ్మ యనిరి. ఈ ప్రజాతికి చెందిన చెట్టు వేరు అమెరికాలోని ఒక గనిలో 50 మీటర్లకు మించిన లోతున కనబడినది. ఏ దిబ్బయు అంత యెత్తుండదు. లాంటానా 19వ శతాబ్ది ఆరంభమున కలకత్తా వృక్షోద్యానమున అలంకారముగా ప్రవేశించినది. వయ్యారిభామ 1955లో పూనాలో గుర్తింపబడినది. హిందీలో గాజర్ ఘాస్ అనియు, కన్నడమున కాంగ్రెస్ గిడ అనియు వ్యవహరింపబడు ఈ మొక్కను తాకిన కూలీలకు చర్మమున దద్దురులు లేచును. దీనిని తీయించువారు చేతితొడుగు లిచ్చుట దయ కాదు, విధి. ఇది గింజలవలననే వ్యాపించును గనుక పూతకు ముందు తీయించుట ముఖ్యము.

ఈ క్రొత్తవారి నడుమ పాతకాపు ఒకటి కలదు. అది గరిక. కలుపు అను మాటకు తమిళ కళై, కన్నడ కళె, మలయాళ కళ పోల్చదగినవి. ఈ భాషలాడు రైతులందఱును తమ కలుపులలో గరికను చేర్చుదురు. చేనికి శత్రువైన ఆ గరికయే దిబ్బకు రక్ష. దాని వేళ్లు మిక్కిలి లోతునకు పోక పైమట్టిని అల్లుకొని వానకు కోసుకొనిపోకుండ పట్టియుంచును. దానిని చెక్కివేసి ఎఱ్ఱమట్టి కనబడునట్లు చేసిన దిబ్బ చూచుటకు పరిశుభ్రముగా నుండును, రెండు వర్షకాలములలో గండ్లుపడును. కావున కలుపు అనునది వృక్షశాస్త్రమున ఒక జాతి కాదు. అది యెచ్చట నిలిచినదో దానినిబట్టియే దానికా పేరు. కోణార్కమున ఇందుకు పెద్ద నిదర్శనము కలదు. 13వ శతాబ్దిలో గాంగ నరసింహదేవుడు కట్టించిన ఆ సూర్యదేవాలయమున రాళ్లనడుమ మొలచిన చెట్లను తొలగించుచుండగనే, సముద్రపు దిక్కున ఇసుకను ఉప్పుగాలిని అడ్డుటకు 20వ శతాబ్ది తొలినాళ్లలో సరుగుడు చెట్లను నాటిరి. ఒకే సంరక్షణలో ఒకచోట చెట్టు తీయుటయు మఱియొకచోట చెట్టు నాటుటయు కలిసియున్నవి.

శాసనములకు చెట్టుకంటె దగ్గఱగానుండు శత్రువులు పాచియు రాతిపువ్వును. రాతిపువ్వు శిలీంధ్రమును శైవలమును కలిసి జీవించు ప్రాణి. సంస్కృతవైద్యులు శైలేయమనునదియు, మసాలాదినుసుగా అంగడిలో దొరకునదియు ఈ వర్గమువే. ఇది ఊరు ఆమ్లము రాతిలోని సున్నపుపాలును మార్చివేయును. దీని సన్నని పోగులు రాతి రేణువుల నడుమ దిగును. కావున గోకినప్పుడు రేణువులుకూడ ఊడివచ్చును. శాసనము చదువుటకు వచ్చినవారే ఇనుపకుచ్చుతో రుద్ది, ఆ దినమునకు అక్షరమును స్పష్టముగా చదువుకొని, తరువాత వచ్చువారికి దానిని లేకుండ చేయుట కలదు. ముందు ఛాయాచిత్రము తీసి, మంచినీటితో నానబెట్టి, మెత్తని కుచ్చుతో తుడిచి, చాలనిచోట రసాయనశాఖవారి సలహామీద పలుచని అమ్మోనియా ద్రావణమును వాడవలెను. భారత పురాతత్త్వశాఖకు 1917 నుండియు రసాయనజ్ఞుల విభాగమొకటి కలదు. కాగితపు అచ్చుప్రతి తీయుటకు ముందు జరుగు తుడుపు కూడ ఈ నియమమునకు లోబడినదే. తుడిచిన రాయి తడిగానుండు ప్రదేశమైనచో కొలది వర్షకాలములలో పాచి మరల పట్టును. నీరు జారు దారిని మార్చనిదే తుడుపునకు అంతము లేదు. 1986 మొదలు 1993 వఱకు కంబోడియాలోని ఆంకోర్ వాట్‌లో భారతీయులు చేసిన శుద్ధిని గూర్చి, రాతిని అంతగా కడుగవలసియుండెనా యని విదేశీయ నిపుణులు ఆక్షేపించిరి. అంతర్యుద్ధకాలమున, తక్కినవారు అడుగుపెట్టనప్పుడు జరిగిన పని యది. ఆక్షేపణమంతయు న్యాయమని చెప్పలేకున్నను, రాతిని తెల్లగా చూపుట సంరక్షణము కాదను మాటలో సత్యము కలదు.

కత్తికి లొంగని మఱియొక చిక్కు భక్తి. గోపురముమీది రావిని కొట్టుటకు కూలీలు వెనుదీయుదురు, ఊరివారు అడ్డగింతురు. దీనిని మూఢత్వమని త్రోసివేయుట సులభమే గాని పని జరుగదు. ఈ సంకోచము ప్రాచీనమైనది. ముందు చెప్పిన వినయనియమము పుట్టిన కథలోనే, ఆళవిలో ఒక భిక్షువు చెట్టు నరకగా అందు వసించు దేవత బుద్ధునితో మొఱపెట్టుకొన్నది. వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశాధ్యాయము విగ్రహమునకై చెట్టు కొట్టువాడు ముందటి రాత్రి బలియిచ్చి, అందలి భూతములను వేఱుచోట వసింపుమని వేడుకొనవలెనని విధించుచున్నది. అనగా శాస్త్రము చెట్టు కొట్టవద్దనలేదు, అడిగి కొట్టుమన్నది. బోధగయలో 1876లో పాతబోధివృక్షము గాలివానకు పడిపోగా 1881లో కన్నింగ్‌హామ్ మరల నాటించెను. అదే రావిజాతి ఆలయశిఖరముమీద మొలచినచో తీయవలసినదే. సింహళమున అనురాధపురమున శ్రీమహాబోధికి నిత్యపూజలు జరుగుచుండగా, 19వ శతాబ్దిలో జేతవనారామ అభయగిరి స్తూపములు అడవిచెట్లు కప్పిన కొండలవలె నుండెను. గోడనుండి తీసిన రావిమొలకను ఆలయావరణమున వేఱుచోట నేలలో నాటుట అర్చకులకును ఊరివారికిని సమ్మతమగు మార్గము. లేతమొలక నేలలో సుఖముగా బ్రతుకును.

చెట్టును తీయకూడని స్థితియు ఒకటి కలదు. ఆంకోర్‌లోనే ఏడవ జయవర్మ 1186లో తల్లి పేర ప్రతిష్ఠించిన తా ప్రోమ్ ఆలయమును ఫ్రెంచి పండితులు అడవి కప్పినది కప్పినట్లే కొంతమేర విడిచిపెట్టిరి. అచ్చట జువ్విజాతి చెట్లును, పడమటి కనుమలలోకూడ పెరుగు టెట్రామెలిస్ అను మహావృక్షములును గోడలను కౌగిలించుకొని నిలిచియున్నవి. రాళ్లను ఎడముచేసినవి ఆ వేళ్లే. ఎడమైన రాళ్లను పడకుండ పట్టియున్నవియు నేడు ఆ వేళ్లే. చెట్టును తీసినచో గోడ నిలువదు, చెట్టు తనంతట కూలినను గోడ నిలువదు. ఈ శతాబ్ది తొలి దశకమునుండి కంబోడియా ప్రభుత్వముతో కలిసి అచ్చట పనిచేయుచున్న భారత పురాతత్త్వశాఖ డెహ్రాడూన్‌లోని అటవీపరిశోధనాలయపు నిపుణులను పిలిపించి ఆ చెట్ల ఆరోగ్యమును పరీక్షింపజేసినది. ఒరిగినవానికి ఊతము లమర్చబడినవి. యాత్రికుల పాదములు వేళ్లను త్రొక్కకుండ వాని ముందు కొయ్యబాటలు వేయబడినవి.